నొప్పులు మొదలైన గంట నుంచి లెక్కపెట్టండి

ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 మంది తల్లులు ఆసుపత్రిలోనే పురుడు పోసుకుంటున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పిన లెక్క ఇది. దశాంశంతో సహా చెప్పాలంటే 96.5 శాతం. ఈ లెక్కను నేను తక్కువ చేసి మాట్లాడను. మా అమ్మమ్మ కాలంలో మా ఊళ్లో పురుళ్లన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదే జరిగేవి. తల్లి దక్కితే బిడ్డ దక్కని ఇళ్లు, బిడ్డ దక్కితే తల్లి దక్కని ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉండేవట. అక్కడి నుంచి ఇక్కడి దాకా రావడం వెనక ఆశా కార్యకర్తల నడక ఉంది, ఏఎన్ఎంలు మానుకున్న నిద్ర ఉంది, 2005 ఆగస్టు 15న మొదలైన 108 బళ్లున్నాయి.

అయినా ఆ శాతం దగ్గర ఆగిపోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కాన్పు ఎక్కడ జరిగిందో మాత్రమే అది చెబుతుంది. నొప్పులు మొదలైన ఎన్ని గంటలకు ఆ తల్లి అక్కడికి చేరింది, చేరాక ఎన్ని గంటలకు ఆమెకు కావాల్సిన వైద్యం అందింది, ఈ రెండూ అందులో లేవు. మా కొండల్లో తల్లీబిడ్డల ప్రాణాలు ఆ గంటల మీదే ఆధారపడి ఉన్నాయి.

మాది గజపతినగరం దగ్గర పల్లె. సాలూరు వైపు ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో టీచరుగా పని చేస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోటికి ఇప్పటికీ అది విజయనగరం జిల్లానే. కేసు కష్టమైతే అంబులెన్సు దిగేదీ ఎక్కువగా విజయనగరంలోనే.

సాలూరు, పాచిపెంట, మక్కువ, కొమరాడ, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాల్లో కొండల మీద పదీ ఇరవై ఇళ్ల ఊళ్లు చాలా ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి విడిపోయిన సీతంపేట వైపూ అంతే. విజయనగరం జిల్లాలోనే మిగిలిన శృంగవరపుకోట, గంట్యాడ, మెంటాడ మండలాల్లోనూ ఇలాంటి గిరిజన ఊళ్లున్నాయి. కానీ అవి షెడ్యూల్డ్ ప్రాంతం (ఏజెన్సీ) కింద లేవు, కాబట్టి ఏజెన్సీకి దక్కే కొన్ని సదుపాయాలు వాటికి దక్కవు. అలాంటి ఊళ్లో రాత్రి పదకొండింటికి ఒక పిల్లకి నొప్పులు మొదలయ్యాయనుకోండి. ముందు ఫోను చేయాలి. ఊళ్లో సిగ్నల్ ఉండదు, ఎక్కడ అందుతుందో తెలిసిన కుర్రాడొకడు టార్చిలైటు పట్టుకుని ఆ గుట్ట ఎక్కాలి. 108కి చెబితే బండి రోడ్డు ఆగిపోయే చోటికి వస్తుంది. ఆ చోటికి ఈమె దిగాలి. ఒక గట్టి కర్ర, దానికి దుప్పటి కట్టి డోలీ సిద్ధం చేస్తారు. మోయడానికి ఇద్దరు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు కావాలి. వలసల కాలంలో ఊళ్లో నలుగురు మగవాళ్లు దొరకడమే కష్టం. సగం మంది విజయవాడలోనో హైదరాబాద్‌లోనో సెంట్రింగ్ పనిలో ఉంటారు. వానాకాలమైతే దారిలో గెడ్డ పొంగుతుంది. పొంగిందంటే తగ్గేదాకా కూర్చోవడమే. నొప్పులు పడుతున్న మనిషి ముడుచుకుని దుప్పట్లో వేలాడుతూ రాళ్ల దారిలో దిగడం ఎలా ఉంటుందో నేను రాయలేను. దిగే దారిలోనే కాన్పు అయిపోయిన వార్త ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఈ ఊళ్లకు రోడ్డు ఎందుకు లేదు అని అడిగితే సగం జవాబు రూల్సులోనే ఉంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకుంది. పదిహేను ఇళ్ల ఊరు ఆ లెక్కకు ఎప్పటికీ అందదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం బాగా వెనుకబడిన ఆదిమ తెగల కోసం ఆ గీతను 100కు దించింది. మంచిదే, అయినా దాని కిందా ఊళ్లున్నాయి. 2024 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సాలూరు నియోజకవర్గంలోని బాగుజోల కొండకు వచ్చి రోడ్డు పనులకు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది 'అడవితల్లి బాట' మొదలైంది. ఆ పనులన్నీ పూర్తి కావాలని మనసారా కోరుకుంటున్నాను. మిగతా సగం జవాబు అటవీ అనుమతులు. ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం రోడ్డు, అంగన్‌వాడీ, ఆసుపత్రి లాంటి పనులకు గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, అంతే. చిన్న ముక్క రోడ్డుకు ఢిల్లీ దాకా ఫైలు తిరగాల్సిన పని లేదు. గ్రామసభ తీర్మానం రాయించే మనిషి ఆ ఊరికి వెళ్లాలి.

రోడ్డు గురించి ఇంతసేపు చెప్పాను గానీ, అసలు రాయాలనుకున్నది రోడ్డు దిగాక జరిగే దాని గురించి.

మా హాస్టల్ వంటమ్మ కూతురికి రెండో కాన్పు. ఊరు కొండ కిందే, ఆటో వస్తుంది. నెలనెలా చూపించుకుంది, కార్డులో అన్నీ రాసి ఉన్నాయి. నొప్పులు రాగానే ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ నర్సు బీపీ చూసి, గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) వచ్చేలా ఉందని ఇంజక్షన్ ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. ఆమె చేసింది సరైన పని. రెండో చోట ఆపరేషన్ చేయాలన్నారు, చేసే డాక్టరమ్మ కూడా ఉన్నారు. మత్తు డాక్టరు సెలవులో ఉన్నాడు. ఒక్కడే మత్తు డాక్టరు, ఆయన సెలవు పెడితే ఆ వారం ఆపరేషన్ లేదు. మళ్లీ రిఫర్. మళ్లీ 108 కోసం ఎదురుచూపు. మూడో చోట రక్తం దొరికింది, ఆపరేషన్ అయింది, తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

కొన్నాళ్ల తర్వాత వంటమ్మ నాతో అంది: "ఎవులూ తప్పు సెయ్యనేదు టీచరమ్మా. అందరూ బాగానే సూసినారు. మరి గుంటడెందుకు పోనాడు?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి గమనించాను. ఆ కాన్పు ఆసుపత్రిలోనే జరిగింది. ఆ 96 శాతం లాంటి లెక్కలో ఆ పిల్ల కూడా చేరిపోతుంది.

1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పు మరణాల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు. ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. మన దగ్గర మాటలన్నీ మొదటి ఆలస్యం గురించే. "వాళ్లకి అవగాహన లేదండీ" అనే మాట ఎంతమంది నోట విన్నానో. చదువుకున్నవాళ్లం చాలా సులువుగా అనేస్తాం. పోస్టర్లు, ర్యాలీలు, అవగాహన సదస్సులు, అన్నీ ఆ తల్లికి చెప్పడానికే. మత్తు డాక్టరు లేని ఆసుపత్రికి ఆమె ఎంత అవగాహనతో వెళ్లినా ఏం లాభం?

నిజంగానే ఆసుపత్రికి రానంటున్న తల్లులు కొందరున్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగితే కారణాలు చెబుతారు. ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉంది, ఎవరు చూస్తారు? జీడిపిక్కలు రాలే రోజులు, పోతే ఏడాది రాబడి పోతుంది. కిందటి కాన్పులో నొప్పులతో అరిస్తే ఆయా కసిరింది. ఆసుపత్రి వాళ్ల మాట మాకు అర్థం కాదు, మా మాట వాళ్లకి అర్థం కాదు. ఈ చివరి మాట సవర గిరిజనుల ఊళ్ల ఆడవాళ్లది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ శ్రీకాకుళం నేల మీద పుట్టి సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మొదటి పుస్తకం వచ్చి తొంభై ఏళ్లు దాటింది. కాన్పుల గదిలో సవర తెలిసిన మనిషి ఉండడం ఇప్పటికీ అదృష్టం మీదే ఆధారపడి ఉంది. సీతంపేట, కురుపాం వైపు ఆసుపత్రుల్లో ప్రతి షిఫ్టులోనూ సవర మాట్లాడే ఒక ఆడమనిషిని పెట్టడం పెద్ద ఖర్చు కాదు. మన హాస్టళ్లలో చదివి, ఇంటర్ పాసై, ఖాళీగా ఉన్న సవర అమ్మాయిలు ఎందరో ఉన్నారు.

మత్తు డాక్టరు సంగతికి వస్తాను. అత్యవసర కాన్పు చేయాలంటే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం నాలుగూ ఒకే రాత్రి ఒకేచోట ఉండాలి. మూడు ఉండి ఒకటి లేకపోతే ఆ రాత్రికి ఆ ఆసుపత్రి లేనట్టే. ఎంబీబీఎస్ డాక్టర్లకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, అత్యవసర సిజేరియన్‌కు మత్తు ఇవ్వడం నేర్పే ఏర్పాటు మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, శ్రీకాకుళంలో అంతకు చాలా ముందే ఉంది. ఈ రెండు కాలేజీల మత్తు విభాగాల నుంచి పార్వతీపురం, సాలూరు, పాలకొండ వైపు వంతులవారీగా డాక్టర్లను పంపొచ్చు. పిల్లను అంబులెన్సులో గంటల తరబడి తిప్పే బదులు డాక్టరు కదలాలి.

రక్తం కూడా అంతే. కాన్పు తర్వాత ఆగకుండా రక్తం పోతే ఒక్కోసారి రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. విజయనగరం నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ సుమారు 60 కిలోమీటర్లు, ట్రాఫిక్‌తో కలిపి ఆ రెండు గంటలూ దారికే సరిపోతాయి. అలాంటప్పుడు ఎంత రక్తం పోతోందో ముందే గుర్తించడం ముఖ్యం. కంటితో చూసి అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో చేసి 2023లో ఫలితాలు ప్రకటించిన ఈ-మోటివ్ అనే పెద్ద పరిశోధనలో, రక్తం కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ షీటు తల్లి కింద వేసి, గీత దాటగానే మందులన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం లాంటి ప్రమాదాలు 60 శాతం తగ్గాయి. గీతలున్న ప్లాస్టిక్ షీటు! ఇది మన ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాల్సిన వస్తువు.

రక్తం తక్కువగా ఉన్న తల్లికి ఆ రెండు గంటలు కూడా ఉండవు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా, 53.7 శాతం మందికి రక్తహీనత ఉందని మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లందరినీ తీసుకుంటే 58.8 శాతం. అంటే ఇది కడుపుతో ఉన్నప్పుడు మొదలయ్యేది కాదు. నా క్లాసులో మొదలవుతుంది. వారానికోసారి ఇచ్చే ఐరన్ బిళ్లను మా పిల్లలు నాలుక కింద దాచి బయట ఉమ్మేస్తారు. కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడతారు. ఎందుకలా అవుతుందో కూర్చోబెట్టి చెప్పి, అన్నం తిన్నాక ఇచ్చి, ఆ వెంటనే టీ తాగొద్దంటే చాలామంది మింగుతారు. ఇక కడుపుతో ఉన్నవాళ్లకు 180 రోజులు మాత్రలు రాసి, సంచిలో పోసి పంపేస్తే వాళ్లు వాడినట్టు కాదు. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే మాత్రలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రిలో పెట్టి చూడాలి. ఏడో నెలలో ఆ అంకె కార్డు మీద రాసి సంతకం పెట్టి వదిలేస్తే, తొమ్మిదో నెలలో అది మత్తు డాక్టరు ముందుకొస్తుంది, ఆయన ఉంటే.

టీచరుగా నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఆ సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పదో తరగతి పరీక్షలయ్యాక ఇంటికి వెళ్లిన పిల్ల మళ్లీ సంతలో కనబడేసరికి చంకలో బిడ్డ ఉంటుంది. ఆ వయసులో కడుపు, ఒంట్లో రక్తం లేకపోవడం, కొండ మీద ఇల్లు, మూడూ కలిసిన కాన్పు ఎలా ఉంటుందో డాక్టర్లకు తెలుసు. ఇంటర్ హాస్టల్ సీటు దొరికిన పిల్లకు పెళ్లి వాయిదా పడుతుంది. నేను కళ్లారా చూసిన మందు అదే. హాస్టల్ సీట్ల సంఖ్య తల్లుల ఆరోగ్యానికి సంబంధించిన లెక్క అని నేను నమ్ముతున్నాను.

ఇదే రాష్ట్రంలో ఇంకో వైపు చూడండి. ఆ సర్వే నాటికి మొత్తం కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. గర్భిణుల్లో పది శాతం దాటాక సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నా కాన్పు టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. ఉమ్మనీరు తగ్గిందన్నారు, అరగంటలో థియేటర్లోకి తీసుకెళ్లారు. అవసరమా కాదా అని అడిగే ధైర్యం నాకూ లేదు, మా ఆయనకూ లేదు. ఆ రోజు నా పక్క గదిలో ముహూర్తం చూసుకుని వచ్చినామె ఉంది. కొండ మీది పిల్లకి అవసరమైన కోత అందదు, టౌన్లో అవసరం లేని కోత అరగంటలో అందుతుంది. డాక్టర్ల కొరత అని అందరూ అంటారు. ఉన్న డాక్టర్ల రాత్రులు ఎక్కడ ఖర్చవుతున్నాయో కూడా మాట్లాడాలి.

పసిబిడ్డ సంగతి క్లుప్తంగా చెబుతాను. మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికే పంపి, పసిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో చూపించారు. అదీ మన లాంటి అడవి జిల్లానే. ఈ రోజు ఆశాలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లాలన్న నియమం వెనక ఆ పని ఉంది. కాకపోతే మనవాళ్లలో మొదటి పురుడు పుట్టింట్లో. ఏడో నెల దాటాక పిల్ల ఒక ఆశా లిస్టు నుంచి ఇంకో ఆశా లిస్టులోకి మారాలి, చాలాసార్లు రెండిట్లోనూ ఉండదు. ఇక ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి బాలింతను రోడ్డు చివర దింపుతుంది. అక్కడి నుంచి కుట్లు పచ్చిగా ఉన్న మనిషి, చేతిలో మూడు రోజుల బిడ్డతో కొండెక్కుతుంది. ఈ ఎక్కడం గురించి ఎవరూ మాట్లాడరు.

బాగా పనిచేసిన ఏర్పాటు ఒకటుంది. 2018 తర్వాత సాలూరులో, గుమ్మలక్ష్మీపురంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహాలు వచ్చాయి. రోడ్డు లేని ఊళ్ల గర్భిణులు కాన్పు తేదీకి ముందే వచ్చి అక్కడ ఉంటారు. భోజనం, పరీక్షలు, పక్కనే ఆసుపత్రి. నొప్పులొచ్చాక డోలీ కట్టే పని ఉండదు. రోడ్లన్నీ పడేదాకా ఇంతకన్నా మంచి దారి నాకు కనబడడం లేదు. ఇవి ఎప్పుడూ నిండుగా, డబ్బులకు లోటు లేకుండా నడవాలి. శృంగవరపుకోట వైపు కూడా ఒకటి కావాలి. రాలేని వాళ్ల కారణాలు పైన చెప్పాను కదా, వాటికి ఏర్పాటు అక్కడే చేయాలి. చిన్నపిల్లను వెంట తెచ్చుకోనివ్వాలి, తల్లినో అత్తనో ఉండనివ్వాలి, వాళ్లకీ భోజనం పెట్టాలి. పోయే కూలికి బదులు డబ్బు ముందే చేతికివ్వాలి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇస్తామని రాసింది. 2017లో మాతృ వందన యోజన వచ్చేసరికి అది మొదటి బిడ్డకు మాత్రమే, 5,000 అయింది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇస్తామన్నారు. మూడో కాన్పు తల్లికి ఈ పథకంలో ఏమీ లేదు.

"ఇంత తక్కువ మందికి ఇంత ఖర్చా?" అని అడిగేవాళ్లుంటారు. మన రాష్ట్రంలో బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 45కు తగ్గాయి, అప్పటి దేశ సగటు 97. ఇంత తగ్గాక మిగిలిన మరణాలు ఎక్కడెక్కడ ఉంటాయి? రోడ్డు పక్క ఊళ్లలో తగ్గించాల్సింది చాలావరకు తగ్గించాం. మిగిలినది ఎక్కువగా చేరడానికి కష్టమైన చోట్లే ఉంటుంది, అక్కడ తలకు ఖర్చు ఎక్కువే అవుతుంది. దాన్ని భరించడానికే ప్రభుత్వం ఉంది.

తల్లి చనిపోతే విచారణ చేయాలన్న నియమం ఇప్పటికే ఉంది, కలెక్టరు స్థాయిలో సమీక్ష కూడా జరగాలి. కేరళలో డాక్టర్ల సంఘమే 2004 నుంచి పేర్లు బయటపెట్టకుండా ప్రతి మరణాన్నీ పరిశీలించి, ఎక్కడ ఆలస్యమైందో పుస్తకంగా వేస్తోంది. మన జిల్లాల్లో కూడా పేర్లు తీసేసి ఆ వివరాలు జనం ముందు పెట్టాలి. చనిపోయిన వాళ్లవే కాదు, వంటమ్మ కూతురిలా చావు అంచుదాకా వెళ్లి వచ్చిన వాళ్లవీ పెట్టాలి. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, కొత్త యాప్ అసలే అక్కర్లేదు. ఫోను వచ్చిన టైము 108 వాళ్ల దగ్గర ఉంటుంది. చేర్చుకున్న టైము కేస్ షీటులో ఉంటుంది. రిఫర్ చేసిన టైము రిఫరల్ చీటీ మీద ఉంటుంది. కోత పెట్టిన టైము థియేటర్ రిజిస్టరులో ఉంటుంది. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో ఆశాని అడిగితే చెబుతుంది. ఈ అయిదూ అయిదు చోట్ల ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీదికి తెచ్చి, నెలకోసారి మండలాల వారీగా ప్రకటించమని అడుగుతున్నాను. ముందు సాలూరు, పాచిపెంట మండలాల్లో, వచ్చే వానాకాలం లోపు.